టర్న్ బేస్డ్ గేములో ఫైట్లు విసుగు పుట్టకుండా కూర్చడం ఎలా

ఆడి చూడమని నాకు పంపే సొంత గేముల్లో, అంటే మన శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లు ఆర్పీజీ మేకర్ అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పట్టుకుని చేసే జపాన్ తరహా టర్న్ బేస్డ్ (వంతులవారీగా కొట్టుకునే) గేముల్లో, మ్యాపులు చాలా బావుంటాయి. గంటస్తంభం సెంటర్‌ని టైల్ టైల్‌గా పేర్చినవాళ్లున్నారు, కళింగపట్నం లైట్‌హౌస్ పెట్టినవాళ్లున్నారు. ఆ మ్యాపులో నాలుగడుగులు వేస్తామో లేదో, స్క్రీన్ గిర్రున తిరిగి ఫైటు. ఎటాక్, ఎటాక్, ఎటాక్, గెలిచాం. ఇంకో నాలుగడుగులు, మళ్లీ అదే ఫైటు. అంత ప్రేమగా కట్టిన ఊరిని చూడకుండానే ఆటగాడు గేము ఆపేస్తాడు. నాకు బాధగా ఉండేది ఇక్కడే. మ్యాపుకి పెట్టిన ఓపికలో సగం ఫైట్లకి పెడితే ఇది పూర్తిగా పోతుంది, దానికి పెద్ద ప్రోగ్రామింగ్ కూడా అక్కర్లేదు.

ఒక్క మాట పట్టుకోండి: ప్రతి ఫైటూ ఆటగాణ్ణి ఏదో ఒకటి అడగాలి. ఎవర్ని ముందు కొట్టాలి, ఇప్పుడు కొట్టాలా ఆగాలా, ఉన్న ఎంపీ (మంత్రాలకి, స్కిల్స్‌కి ఖర్చయ్యే శక్తి) ఇక్కడ వాడాలా దాచుకోవాలా, ఏదైనా సరే. అడగడానికి ఏమీ లేని ఫైటుని గేములోంచి తీసెయ్యాలి, మొహమాటం వద్దు. ఒకే రాక్షసి పదిసార్లు ఎదురైనా పదిసార్లూ వేరే ప్రశ్న వస్తుంటే విసుగు రాదు. కొత్త బొమ్మలు, కొత్త రంగులు పదిరకాలు పెట్టినా జవాబు ప్రతిసారీ ఎటాకే అయితే పది నిమిషాల్లో వచ్చేస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది, మీ గేములో నష్టం ఒక ఫైటు నుంచి ఇంకో ఫైటుకి మోసుకెళ్తారా లేదా అన్నది. దీన్ని ఎవరూ ముందుగా ఆలోచించరు, కానీ మిగతా అన్నీ దీని మీదే నిలబడతాయి. 1986లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ చూడండి. నింటెండో వాళ్ల ఫామికామ్ అనే గేము మెషిన్ క్యాట్రిడ్జ్‌లో ఉన్న చోటు మొత్తం 64 కేబీ, హీరో ఒక్కడే, ఎదురుగా రాక్షసి కూడా ఒక్కటే. విడిగా ఏ ఒక్క ఫైటు చూసినా అందులో పెద్దగా ఏమీ లేదు. అయినా అది ఆడించింది, ఎందుకంటే ప్రతి చిన్న ఫైటూ కొంచెం హెచ్‌పీ (ప్రాణం), కొంచెం ఎంపీ, ఒకట్రెండు మూలికలు తినేస్తుంది. గుహలో సగం దూరం పోయాక ఇంకా లోపలికి వెళ్లాలా, ఊరికి తిరిగిపోవాలా అన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. చచ్చిపోతే చేతిలో బంగారం సగం పోతుంది కాబట్టి ఆ ప్రశ్నకి బరువుంది. అక్కడ అసలు ఫైటు గుహే, చిన్న ఫైట్లు దానిలో ఒక్కో టర్ను లాంటివి.

దీనికి పూర్తిగా అవతలి వైపు ఫైనల్ ఫాంటసీ 13, 2009 చివర్లో జపాన్‌లో వచ్చింది. ఫైటు అయిపోగానే హెచ్‌పీ నిండిపోతుంది, ఓడిపోతే ఆ ఫైటు ముందు నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇలా చేసినప్పుడు దారిలో తగిలే మామూలు ఫైటు కూడా గట్టిగా ఉండాలి, ఎందుకంటే దాని తర్వాత మిగిలే నష్టమంటూ ఏదీ లేదు, అడగాల్సిందంతా ఆ రెండు నిమిషాల్లోనే అడిగెయ్యాలి.

రెండూ మంచి పద్ధతులే. తంటా ఎక్కడొస్తుందంటే రెండూ కలిపేసినప్పుడు. నాలుగు గదులకోసారి ఉచితంగా హెచ్‌పీ నింపే సేవ్ పాయింట్, గదుల్లోనేమో ఒక్క దెబ్బకి పడిపోయే రాక్షసులు, దుకాణంలో పది రూపాయలకి మందు. అప్పుడు చిన్న ఫైటు దేనికీ పనికిరాదు: గుహగా కలిపి చూసినా ఏమీ అడగదు, విడిగా చూసినా ఏమీ అడగదు. మీ గేములో ఫైట్లు ఎందుకు సాగట్లేదో అర్థం కాకపోతే ముందు ఇది చూసుకోండి. మూలికలు ఎన్ని మొయ్యొచ్చో ఒక పరిమితి పెట్టడంతోనే కొన్ని గేములు బాగుపడతాయి.

ఇప్పుడు చేతులు పెట్టి ఒక ఏరియా కడదాం. ఆర్పీజీ మేకర్‌లో ఎంవీ అనే వెర్షన్‌లో చెప్తాను, దాని తర్వాతి ఎంజెడ్‌లో కూడా దాదాపు ఇదే. ఏరియా ఉద్దానంలో జీడితోట. పార్టీలో ముగ్గురు: కర్రసాము తెలిసిన సూరి, వల విసిరే పైడమ్మ, గుండెకి తప్పెట కట్టుకుని వాయించే తప్పెటగుళ్ల అప్పన్న. లెక్క తేలిగ్గా ఉండటానికి ముగ్గురికీ దాడి 15 అనుకోండి. ఎంవీలో మామూలు దెబ్బకి ఫార్ములా దాడిని నాలుగుతో గుణించి, అవతలివాడి రక్షణని రెండుతో గుణించి తీసేస్తుంది. పైన 20 శాతం అటూఇటూ తేడా కూడా వేస్తుంది, డిజైన్ చేస్తున్నంతసేపు ఆ తేడాని సున్నాకి దించండి, లేకపోతే ఏది మీ నిర్ణయం వల్ల జరిగింది ఏది అదృష్టం వల్ల జరిగింది తెలియదు.

మొదటి శత్రువు ఎలుగుబంటి. ఉద్దానంలో ఎలుగులు తోటల్లోకి రావడం మనకి తెలిసిన సంగతే, కాబట్టి ఆడేవాడికి దాని భయం ఎలాంటిదో విడిగా చెప్పక్కర్లేదు. రక్షణ 15, హెచ్‌పీ 270. ఒక్కో దెబ్బ 60లోంచి 30 పోగా 30, అంటే తొమ్మిది దెబ్బలు, ముగ్గురూ కొడితే మూడు టర్నులు. ఎలుగు రెండో టర్నులో వెనక కాళ్ల మీద లేచి నిలబడుతుంది, మూడో టర్నులో పంజా విసురుతుంది, అది తగిలినవాడికి సగం పైగా ప్రాణం పోతుంది. డేటాబేస్‌లో శత్రువు యాక్షన్ల దగ్గర నిలబడటానికి టర్ను షరతు 1 + 3 ఎక్స్ అనీ, పంజాకి 2 + 3 ఎక్స్ అనీ పెట్టండి, అంటే తర్వాత ప్రతి మూడు టర్నులకోసారి మళ్లీ వస్తాయి. శత్రువు యాక్షన్ ఎంచుకునేటప్పుడు ఎంవీ మొదటి టర్నుని సున్నాగా లెక్కిస్తుంది కాబట్టి ఒకటి తగ్గించాం, ఎంజెడ్‌లో అయితే 2, 3 అనే పెట్టాలి. రెండిటికీ రేటింగ్ 9 ఇవ్వండి, మామూలు దాడికి 5 ఉంచండి. అన్నిటికంటే పెద్ద రేటింగ్ కంటే మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ తక్కువున్న యాక్షన్‌ని ఎంవీ అసలు ఎంచుకోదు కాబట్టి ఆ టర్నులో పంజా తప్పకుండా వస్తుంది. పైడమ్మ వలకి స్పీడు బాగా పెంచండి, ఎలుగు కదలకముందే పడాలి, పడ్డ టర్నులో ఎలుగు కదల్లేదు.

దీనివల్ల ఏమైందో చూడండి. ఎలుగు లేచి నిలబడటం కనిపించింది. మూడో టర్నులో పైడమ్మ కూడా కొడితే ఫైటు అక్కడితో అయిపోతుంది కానీ ఎలుగు స్పీడు ఎక్కువ కాబట్టి పంజా ముందే పడుతుంది. వల విసిరితే పంజా తప్పుతుంది కానీ దెబ్బ ఒకటి తగ్గి ఇంకో టర్ను పడుతుంది. అప్పన్న ప్రాణం తక్కువగా ఉంటే వల, అందరూ నిండుగా ఉంటే కొట్టెయ్యడం. రెండు జవాబులూ న్యాయమైనవే, ఏది సరైందో అప్పటి పరిస్థితి చెప్తుంది. ఒక మామూలు ఫైటుకి ఇంతకంటే అక్కర్లేదు. ఇంకో మాట, హెచ్‌పీ సున్నా అయ్యాక ‘చచ్చిపోయింది’ అని కాకుండా ‘తోట దాటి వెళ్లిపోయింది’ అని రాస్తే నాకు ఇష్టం, ఫైటు లెక్కలో ఏమీ మారదు.

ఇదే చోట నంబర్లు ఎంత సున్నితమో కూడా తెలుస్తుంది. సూరివాళ్లు లెవెల్ పెరిగి దాడి 20 అయిందనుకోండి. 80లోంచి 30 పోతే 50. దాడి మూడో వంతు పెరిగితే దెబ్బ మూడింట రెండు వంతులు పెరిగింది. ఇప్పుడు ఎలుగుకి ఆరు దెబ్బలు చాలు, రెండు టర్నుల్లో అయిపోతుంది, పంజా టర్ను రానే రాదు. మీరు అంత కష్టపడి పెట్టిన ప్రశ్న మాయమైంది, ఫైటు మాత్రం మిగిలింది. తీసివేత ఫార్ములాతో వచ్చే ఇబ్బంది ఇది: ఒక ఏరియాలో ఉన్నప్పుడే లెవెళ్లు రెండు మూడు పెరిగితే మొదట్లో గట్టిగా ఉన్నది చివరికి ఊదితే పడిపోతుంది. రెండు దార్లున్నాయి. ఒకటి, ఏరియా మొత్తానికి దాడి రెండు మూడు పాయింట్లు మించి పెరగకుండా ఎక్స్‌పీ (గెలిస్తే వచ్చే, లెవెల్ పెంచే పాయింట్లు) బిగించడం. రెండోది, ఫార్ములాని భాగహారంగా మార్చడం, దాడిని దాడితోనే గుణించి దాడి, రక్షణల మొత్తంతో భాగిస్తే తేడాలు మెల్లగా కదులుతాయి. చిన్న గేముకి మొదటిదే మేలు, నంబర్లు చూడగానే బుర్రలో లెక్క కట్టుకోవచ్చు.

రెండో రకం నక్కలు, నాలుగు కలిసి వస్తాయి, మనవాళ్లు ముగ్గురే. ఒక్కోటి ఒక్క దెబ్బకి పారిపోతుంది, కానీ ఒకటి మిగులుతుంది. పెద్ద నక్క మిగిలితే ఊళపెట్టి ఇంకో రెంటిని పిలుస్తుంది, దొంగ నక్క మిగిలితే మన పలాస జీడిపప్పు పొట్లం ఒకటి పట్టుకుపోతుంది, అదే ఈ గేములో ప్రాణం నింపే వస్తువు. మూడోది కొరివి దెయ్యం. దాని మీద కర్ర దెబ్బలు పడవు, అప్పన్న తప్పెట చప్పుడుకే చెదురుతుంది. ఒంటరిగా వస్తే చాలా తేలిక, కావాలనే అలా పెట్టాలి, మొదటిసారి చూస్తున్నవాడికి నేర్పడానికి.

రుచి కలిపినప్పుడు తెలుస్తుంది. తప్పెట చప్పుడు వింటే ఎలుగు తన టర్ను లెక్కతో పనిలేకుండా తర్వాతి టర్నులోనే లేచి నిలబడుతుంది అని ఒక నియమం పెట్టండి, తప్పెట స్కిల్ ఒక కామన్ ఈవెంట్ ద్వారా స్విచ్ (జరిగిందా లేదా అని గేము గుర్తుపెట్టుకునేది) ఆన్ చేస్తుంది, ఎలుగు యాక్షన్‌కి ఆ స్విచ్ షరతు. ఇప్పుడు ఎలుగు, కొరివి దెయ్యం కలిసి వస్తే దెయ్యాన్ని వదిలించుకోవాలంటే ఎలుగుని రెచ్చగొట్టాలి. నక్కలూ దెయ్యమూ కలిసి వస్తే అప్పన్న తప్పెటకి పోతాడు, నక్కల మీదికి ఇద్దరే మిగులుతారు. మూడు రకాల శత్రువులు, విడిగా, జంటగా, అందరూ కలిసి అని చూస్తే ఏడు రకాల ఫైట్లు, ఒక్క కొత్త బొమ్మ గియ్యకుండా. ఏడూ వాడాలని లేదు. నేనైతే ముందు మూడూ విడివిడిగా ఒక్కోసారి, తర్వాత జంటలు, తోట చివర్లో ముగ్గురూ కలిసి ఒకే ఒక్కసారి పెడతాను, అక్కడితో ఆ తోట చాలు. ఇంకా మ్యాపు మిగిలి ఉంటే మ్యాపు కొయ్యండి.

బలహీనతల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ముందు దాని మీదికే పోతారు. నిప్పు రాక్షసికి నీళ్లు, ఎగిరేదానికి బాణం. ఫైనల్ ఫాంటసీ 10లో, 2001 నాటిది, ఇది చాలా శుభ్రంగా ఉంటుంది: ఎగిరేవాటికి వక్కా, గట్టి పెంకు ఉన్నవాటికి ఆరన్, జిగురు ముద్దల్లాంటివాటికి లూలూ మంత్రం, ఫైటు మధ్యలోనే మనుషుల్ని మార్చుకోవచ్చు. మొదటి కొన్ని గంటలు బ్రహ్మాండంగా నేర్పుతుంది. కానీ జోడీ తెలిసిపోయాక అది జతపరచడమే అవుతుంది, ఒకే బటన్ బదులు మూడు బటన్లు, అంతే తేడా. బలహీనత తెలిశాక కూడా ఆలోచన మిగలాలంటే దానికి టైమింగ్ గానీ రిస్కు గానీ జోడించాలి. 2003లో షిన్ మెగామి టెన్సెయి 3 చేసింది అదే: బలహీనత మీద కొడితే అదనంగా టర్ను దొరుకుతుంది, తప్పిపోయినా, అవతలివాడికి పనిచెయ్యని దాడి వాడినా ఉన్న టర్నులు ఊడిపోతాయి, శత్రువులకీ అదే నియమం. అందుకని అక్కడ మామూలు దారి ఫైటులో కూడా వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చుంటాం. ఆక్టోపాత్ ట్రావెలర్ 2018లో ఇంకోలా చేసింది, సరైన ఆయుధంతో కొన్నిసార్లు కొడితే శత్రువు కవచం విరిగి టర్ను కోల్పోతాడు, టర్నుకో బూస్ట్ పాయింట్ పోగవుతుంది, ఒకేసారి మూడు దాకా ఖర్చు పెట్టొచ్చు. ఏది కొట్టాలో తెలుసు, ఎప్పుడు విరగ్గొట్టాలి అన్నదే ఆట. మన ఎలుగు వల కూడా ఈ కుటుంబంలోదే.

ఇక ఫైట్లు ఎన్ని, ఎంతసేపు. దీన్ని మాటల్లో అనుకోకండి, కాగితం మీద లెక్క వెయ్యండి. ఎంవీలో కొత్త మ్యాపుకి ఫైటుకీ ఫైటుకీ మధ్య సగటు అడుగులు 30 అని ఉంటుంది. అది ప్రతి 30 అడుగులకీ అని కాదు, లోపల 0 నుంచి 29 దాకా రెండు రాండమ్ నంబర్లు తీసి కలిపి ఒకటి జోడిస్తుంది, అంటే తర్వాతి ఫైటు మరుసటి అడుగులోనూ రావొచ్చు, 59 అడుగులకీ రావొచ్చు. పొద టైల్స్ మీద ఒక్కో అడుగూ రెండుగా లెక్క. మీ తోట దారి 240 అడుగులైతే సుమారు ఎనిమిది ఫైట్లు, ఒక్కోటి నిమిషన్నర పడితే 12 నిమిషాలు. దారి తప్పి తిరిగేవాడికి అది రెట్టింపు. మీకు మ్యాపు తెలుసు, వాడికి తెలియదు, కాబట్టి రెట్టింపు లెక్కే నిజమైన లెక్క అనుకోండి. పజిల్ ఉన్న గదిలో, అటూఇటూ తిరిగి వెతకాల్సిన చోట, రాండమ్ ఫైట్లు పూర్తిగా ఆపేయండి. ఆలోచిస్తున్నవాడిని మధ్యలో లాగితే వాడు ఏం ఆలోచిస్తున్నాడో మర్చిపోతాడు.

నా సలహా మాత్రం రాండమ్ వదిలేసి శత్రువుల్ని మ్యాపు మీదే కనిపించేలా పెట్టమని. 1995లో క్రోనో ట్రిగ్గర్ అలాగే చేసింది, రాక్షసులు అక్కడే తిరుగుతుంటారు, ఫైటు కూడా ఆ నేల మీదే జరుగుతుంది, వేరే స్క్రీన్‌కి పోదు. మన దగ్గర అంత అక్కర్లేదు: ఒక ఈవెంట్‌కి ఎలుగు బొమ్మ ఇచ్చి, ఆటగాడి వైపు నడిచేలా పెట్టి, తగలగానే బ్యాటిల్ ప్రాసెసింగ్ (ఫైటు మొదలుపెట్టే కమాండ్), గెలిచాక సెల్ఫ్ స్విచ్ ఆన్, రెండో పేజీ ఖాళీ, అంటే ఆ ఎలుగు ఇంక కనిపించదు. గంటలో తోట మొత్తం అయిపోతుంది. ఇందులో పెద్ద లాభం ఏంటంటే ఎన్ని ఫైట్లు, ఏ వరసలో వస్తాయో మీ చేతిలో ఉంటుంది, అందుకే పైన చెప్పిన ‘ముందు విడివిడిగా, తర్వాత జంటలు’ వరస కుదురుతుంది. రాండమ్‌లో ఆ వరస కుదరదు.

ఆటగాడు బాగా బలపడి పాత తోటకి తిరిగొస్తే ఏం చెయ్యాలి? జపాన్‌లో 1994లో మదర్ 2గా వచ్చిన ఎర్త్‌బౌండ్‌లో దీనికి నాకు ఎంతో నచ్చిన జవాబుంది. మనం చాలా బలంగా ఉంటే తగలగానే గెలిచేస్తాం, ఫైటు స్క్రీనే రాదు, ఎక్స్‌పీ వచ్చేస్తుంది. ఆ ఏరియా బాస్ (అక్కడి పెద్ద శత్రువు) ఓడిపోయాక చిన్న శత్రువులు మనల్ని చూసి పారిపోతాయి. జవాబు ముందే తెలిసిన ప్రశ్న మళ్లీ అడక్కూడదు, అంతే సూత్రం. ఎంవీలో పార్టీ లెవెల్ చూసే ఒక కండిషనల్ బ్రాంచ్‌తో (షరతుని బట్టి దారి మార్చే కమాండ్) ఇది చెయ్యొచ్చు.

బ్రేవ్లీ డిఫాల్ట్ అనే గేము ఫైట్ల మోతాదునే ఆటగాడి చేతికిచ్చింది, పూర్తిగా ఆపెయ్యొచ్చు, రెట్టింపూ చేసుకోవచ్చు, స్పీడు పెంచుకోవచ్చు. అది పెట్టగలిగితే పెట్టండి, ముఖ్యంగా స్పీడు. మన దగ్గర ఇవి ఫోన్లోనే ఆడతారు, ఆముదాలవలసలో రైలెక్కి విజయనగరంలో దిగేలోపు దొరికే గంటలో. ఆ గంటలో ఫైటు మొదలయ్యే యానిమేషన్లు, గెలుపు డప్పులు చూడటానికే పావుగంట పోతే ఎవరు ఆడతారు. కానీ ఆపే బటన్ ఉంది కదా అని ఫైట్లని వదిలెయ్యకండి. అందరూ ఆ బటన్ నొక్కుతున్నారంటే సరిచెయ్యాల్సింది ఫైట్లనే.

గ్రైండింగ్ (లెవెల్ పెంచుకోడానికి అవే ఫైట్లు మళ్లీ మళ్లీ ఆడటం) సంగతి తొందరగా చెప్పేస్తాను. బాస్‌ని దారిలో తగిలిన ఫైట్లు ఒక్కోసారి ఆడిన లెవెల్‌కే కొలవండి, ఒక్క అడుగు కూడా అదనంగా వెనక్కి తిప్పకండి. బ్రెత్ ఆఫ్ డెత్ 7 అనే చిన్న గేములో ఒక్కో ఏరియాకి ఇన్నే రాండమ్ ఫైట్లు అని హద్దుంటుంది, అది అయిపోయాక ఏరియా ప్రశాంతం, ఇంకా కావాలనుకున్నవాడు మెనూలోంచి పిలుచుకోవచ్చు. కావాలంటే అలా చెయ్యండి.

పరీక్షించడం ఇలా. మీ గేము ఎప్పుడూ చూడని తమ్ముడినో చెల్లినో కూర్చోబెట్టండి, మీరు ఒక్క మాట మాట్లాడకండి, స్క్రీన్ బదులు వాళ్ల బొటనవేలు చూడండి. వేలు ఆగి ఆగి కదిలితే ఫైటు పనిచేస్తోంది. ఒకే చోట టకటకా నొక్కుతూ కళ్లు పక్కకి పోతుంటే ఆ ఫైటు పేరు రాసుకోండి. ‘ఏటి బావూ, మళ్లీ ఇదేనేటి?’ అన్న మాట ఎక్కడ వచ్చిందో, సరిగ్గా ఏ అడుగు దగ్గర వచ్చిందో రాసుకోండి, అంతకంటే మంచి రిపోర్టు ఎవరూ ఇవ్వరు. ఆ జాబితాలో ఉన్నవాటిని మూడే పనులు చెయ్యొచ్చు: ఇంకో శత్రువుతో జత కలపడం, టైమింగ్ ఏదైనా జోడించడం, లేదా తీసెయ్యడం. తీసెయ్యడానికి చెయ్యి రాదు, తెలుసు, బొమ్మ గీసినవాళ్లకి ఇంకా రాదు. అయినా తీసెయ్యండి, ఆ బొమ్మని ఇంకో చోట మంచి ఫైటులో పెట్టుకోవచ్చు.

చివరిగా ఎస్కేప్ బటన్. ఎంవీలో మొదటి ప్రయత్నానికి అవకాశం రెండు వైపులా స్పీడు సమానమైతే సగం, విఫలమైన ప్రతిసారీ పది శాతం కలుస్తుంది. చిన్న ఫైట్లలో పారిపోలేక ఒక టర్ను దెబ్బలు తినడం అంటే వద్దనుకున్న ఫైటునే ఇంకాసేపు ఆడించడం. నేను దాన్ని వంద శాతం చేస్తాను, బదులుగా ఆటగాణ్ణి ఆ గది గుమ్మం దగ్గరికి పంపేస్తాను, ఎలుగు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.